టెర్మినల్ ఫైల్ మేనేజర్లలో ఎంటర్ నొక్కితే ఏం జరగాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

టెర్మినల్‌లో, అంటే కమాండులు టైపు చేసే తెరలో, ఫైల్ మేనేజర్ వాడడం నేర్చుకునేవారు మొదటి నెలలో అడిగే సందేహాలు దాదాపు ఒకటే. అవే మళ్ళీ మళ్ళీ వస్తున్నందున, ఏ దశలో వచ్చే ప్రశ్నను ఆ దశ కింద చేర్చి ఇక్కడ రాసి పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు సరిపోతుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## వాడడం మొదలుపెట్టే ముందు

ఎంటర్ నొక్కితే ఫైలు తెరుచుకుంటుంది, అంతే కదా? ఇందులో భద్రత సంగతి ఎక్కడి నుంచి వచ్చింది?

తెరవడం అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి. ఫైలులో ఉన్నదాన్ని చూడడం మొదటిది, దాన్ని మార్చడానికి ఎడిటర్‌లోకి తీసుకోవడం రెండవది, ఆ ఫైలునే ప్రోగ్రాముగా నడపడం మూడవది. చూస్తే ఏమీ పోదు. మారిస్తే పోయినదాన్ని బ్యాకప్ నుంచి తెచ్చుకోవచ్చు. నడిపితే మాత్రం ఆ ఫైలు మీ పేరుతో, మీ అనుమతులతో ఏదైనా చేయగలదు. ఈ మూడింటిలో ఏది జరగాలో మిమ్మల్ని అడగకుండా, ఫైలు పొడిగింపును (పేరు చివర చుక్క తర్వాత వచ్చే అక్షరాలను) బట్టో అనుమతులను బట్టో ఫైల్ మేనేజరే తేల్చుకుంటుంది కాబట్టి, అది ఎలా తేల్చుకుంటుందో తెలియకుండా ఎంటర్ కొట్టడం చీకట్లో చెయ్యి పెట్టడం లాంటిదే.

ఏ ఫైల్ మేనేజర్‌లో ఏ కీ ఏం చేస్తుంది?

మిడ్‌నైట్ కమాండర్‌ను మిగెల్ డి ఇకాజా 1994లో మొదలుపెట్టారు. 1986 నాటి నార్టన్ కమాండర్ పద్ధతినే అది పాటిస్తుంది, అందుకే అందులో చూడడానికి ఎఫ్3, మార్చడానికి ఎఫ్4 అని వేర్వేరు కీలు ఉన్నాయి. ఎంటర్ మాత్రం గడుసుది. ముందు ఆ పొడిగింపుకు ఏదైనా నియమం ఉందేమో చూస్తుంది, లేకపోతే ఫైలుకు ఎగ్జిక్యూట్ అనుమతి, అంటే ప్రోగ్రాముగా నడిపే అనుమతి, ఉందేమో చూస్తుంది, ఉంటే నడిపేస్తుంది. కమాండ్ లైనులో మీరు సగం టైపు చేసి వదిలేసిన మాటలు ఉంటే, ఎంటర్ ఫైలును పక్కనబెట్టి ఆ కమాండునే నడుపుతుంది.

విమ్ అనే ఎడిటర్ కీలను అనుసరించే రేంజర్, ఎల్‌ఎఫ్, వీఐఎఫ్‌ఎమ్, ఎన్‌ఎన్‌ఎన్‌ల తీరు వేరు. వీటిలో ఎల్ కీ గానీ కుడి బాణం గానీ ఫోల్డరు మీద నొక్కితే లోపలికి వెళ్తుంది, ఫైలు మీద నొక్కితే దాన్ని తెరుస్తుంది. నడక, తెరవడం రెండూ ఒకే కీకి అప్పగించారన్నమాట.

2023లో వచ్చిన యాజీ, రస్ట్ భాషలో రాసినది, ఈ రెండింటినీ విడదీసింది. అందులో ఎల్ కీ, కుడి బాణం ఫోల్డరులోకి మాత్రమే వెళ్తాయి, ఫైలు మీద నొక్కితే ఏమీ జరగదు. ఫైలు తెరవాలంటే ఎంటర్ గానీ ఓ గానీ నొక్కాలి, దేనితో తెరవాలో తానే ఎంచుకోవాలనుకునేవారు షిఫ్ట్‌తో కలిపి ఓ నొక్కాలి.

మీ లెక్కలో సురక్షితమైన డిఫాల్ట్ ఏది?

చెయ్యి అలవాటుగా వెళ్ళి పడే కీ ఫైలును చూపించాలి, మహా అయితే ఎడిటర్‌లో తెరవాలి. నడపడం మాత్రం ఎప్పుడూ వేరే కీ మీద, ఆలోచించి నొక్కవలసిన చోట ఉండాలి. రోజుకు వందసార్లు నొక్కే కీలో అప్పుడప్పుడూ మాత్రమే అవసరమయ్యే పనిని కలపడం వల్ల మిగిలే సమయం ఒక క్షణం కూడా ఉండదు. జరిగే నష్టానికి హద్దు లేదు.

## రోజువారీ వాడకంలో

కుడి బాణం నొక్కుతూ ఫోల్డర్లలోకి వెళ్తుంటే చివర్లో ఏదో ఫైలు తెరుచుకుంది. నేను నొక్కలేదే?

మీరే నొక్కారు, కాకపోతే కొంచెం ముందు నొక్కారు. నెట్‌వర్క్ మీదుగా వేరే మెషీన్‌లో పనిచేస్తున్నప్పుడు తెర ఆలస్యంగా మారుతుంది, మీరు నొక్కిన కీలు మాత్రం వరుసలో నిలబడి ఒక్కొక్కటిగా అందుతాయి. మూడు ఫోల్డర్ల లోతుకు వెళ్ళడానికి నాలుగుసార్లు నొక్కితే, నాలుగవది ఆ ఫోల్డరులో మొదట కనబడిన ఫైలు మీద పడుతుంది.

నాకు ఇది ఒక పాత ఉద్యోగంలో అనుభవం. నెమ్మదిగా ఉన్న కనెక్షన్ మీద లాగుల (ప్రోగ్రాములు రాసిపెట్టే రికార్డుల) ఫోల్డరులోకి వెళ్ళబోయి ఒక నొక్కు ఎక్కువ నొక్కాను. అక్కడ మొదటి ఫైలే కొన్ని గిగాబైట్ల లాగు, తెరిచింది ఎడిటర్. ఫైలు మొత్తాన్ని చదివే పనిలో అది పడిపోయింది, తెర కదలదు, నేను కంగారుగా నొక్కిన ఎస్కేపులూ కంట్రోల్-సీలూ కూడా అదే వరుసలో చేరాయి. అప్పటికే ఆ మెషీన్ మెమరీ చాలక ఇబ్బంది పడుతోంది. ఆ ఫైలును పేజీలవారీగా చూపించే లెస్ అనే ప్రోగ్రాములో తెరిచి ఉంటే మొదటి పేజీ వెంటనే వచ్చేది, ఎందుకంటే లెస్ మొదటి పేజీ చూపడానికి ఫైలు మొత్తం చదవదు.

ఎన్‌ఎన్‌ఎన్‌లో దీనికి మందు ముందే ఉంది: హైఫన్ ఓ (-o) అనే ఆప్షన్‌తో మొదలుపెడితే ఫైళ్ళు ఎంటర్‌కు మాత్రమే తెరుచుకుంటాయి. మిగతావాటిలో కీలను మీరే మార్చుకోవాలి.

లోపల ఏముందో చూస్తే చాలు. ఏ కీ నొక్కాలి?

మిడ్‌నైట్ కమాండర్‌లో ఎఫ్3. రేంజర్‌లోనూ ఎల్‌ఎఫ్‌లోనూ ఐ. వీఐఎఫ్‌ఎమ్‌లో డబ్ల్యూ నొక్కితే పక్క పేన్‌లో కనబడుతుంది. యాజీలో ఏమీ నొక్కనక్కరలేదు, కర్సర్ ఉన్న ఫైలు కుడివైపు కనబడుతూనే ఉంటుంది.

పెన్‌డ్రైవ్‌లోని మామూలు టెక్స్ట్ ఫైలు మీద ఎంటర్ కొడితే "కమాండ్ నాట్ ఫౌండ్" అని వరసగా వచ్చింది. ఫైలు పాడైపోయిందా?

ఫైలు బాగానే ఉంది, దాన్ని చదవడానికి బదులు నడిపారు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లలో లినక్స్ తరహా అనుమతులు దాచుకునే చోటే లేదు. అందుకని లినక్స్ ఆ డ్రైవ్‌ను కలిపేటప్పుడు అన్ని ఫైళ్ళకూ ఒకే అనుమతులు అంటగడుతుంది, వాటిలో సాధారణంగా ఎగ్జిక్యూట్ అనుమతి కూడా ఉంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లలోనూ తరచుగా ఇదే పరిస్థితి. తెర మీద ఫైళ్ళన్నీ ఒకే రంగులో, పేరుకు ముందు నక్షత్రంతో కనబడితే కారణం ఇదేనని అనుమానించవచ్చు.

ఇప్పుడు మిడ్‌నైట్ కమాండర్‌లో ఆ ఫైలు మీద ఎంటర్ కొట్టారనుకోండి. ఆ పొడిగింపుకు నియమమేదీ లేకపోతే, ఎగ్జిక్యూట్ అనుమతి ఉంది కాబట్టి దాన్ని షెల్‌కు, అంటే మీ కమాండులను నడిపే ప్రోగ్రాముకు, అప్పగిస్తుంది. అది అసలైన ప్రోగ్రాము కాదని కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) తిప్పి పంపితే, షెల్ తనకు తెలిసిన పాత పద్ధతిలో దాన్ని షెల్ స్క్రిప్టుగా భావించి ఒక్కొక్క పంక్తినీ కమాండుగా నడపబోతుంది. మీ సరుకుల జాబితాలో "బియ్యం 5 కిలోలు" అని ఉంటే బియ్యం అనే కమాండు లేదని చెప్పి ముందుకు వెళ్తుంది. నవ్వుకుని ఊరుకోవచ్చు.

కానీ ఆ జాబితాలో "> పాలు 2 లీటర్లు" అని ముందు గుర్తు పెట్టి రాసుకున్న పంక్తి ఉంటే నవ్వు ఆగిపోతుంది. షెల్‌కు ఆ గుర్తు అర్థం, వచ్చినదాన్ని పాలు అనే ఫైలులోకి మళ్ళించు అని. 2 అనే కమాండు దొరకదు, అయినా అప్పటికే పాలు పేరుతో ఖాళీ ఫైలు పుట్టి ఉంటుంది. అదే పేరుతో అక్కడ ముందే ఫైలు ఉంటే దానిలోనిదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఈమెయిల్ జవాబులను టెక్స్ట్ ఫైళ్ళలో దాచుకునేవారికి ఇది ఊహించి చెప్పే ప్రమాదం కాదు, అలాంటి ఫైళ్ళలో ప్రతి రెండవ పంక్తీ ఆ గుర్తుతోనే మొదలవుతుంది.

డ్రైవ్‌ను కలిపేటప్పుడు ఫైళ్ళ అనుమతులను నిర్ణయించే ఎఫ్‌మాస్క్ అనే ఆప్షన్ విలువను 0133గా ఇస్తే ఫైళ్ళకు ఎగ్జిక్యూట్ అనుమతి రాదు, ఫోల్డర్లలోకి వెళ్ళడానికి అడ్డూ ఉండదు.

ఎడిటర్‌లో తెరవడమూ చూడడమే కదా, తేడా ఏముంది?

తేడా ఉంది. విమ్ ఫైలును తెరవగానే అదే ఫోల్డరులో ఒక స్వాప్ ఫైలును పెడుతుంది, నలుగురూ వాడే ఫోల్డరయితే ఆ తాత్కాలిక ఫైలు అందరికీ కనబడుతుంది. చివరి పంక్తికి ముగింపు గుర్తు లేని ఫైలును మీరేమీ మార్చకుండా సేవ్ చేసినా విమ్ ఆ గుర్తును చేరుస్తుంది, అంటే ఫైలు మారినట్టే. మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఫైలు మొదట్లోనో చివర్లోనో రాసి ఉన్న అమరికలను పాటించే మోడ్‌లైన్ అనే సదుపాయం విమ్‌లో ఉంది. దానిలోని లోపం వల్ల, ప్రత్యేకంగా తయారుచేసిన టెక్స్ట్ ఫైలును కేవలం తెరిచినంత మాత్రాన కమాండులు నడిచే వీలుండేదని 2019లో బయటపడింది. విమ్ 8.1.1365లోనూ నియోవిమ్ 0.3.6లోనూ దాన్ని సరిచేశారు. డెబియన్ తన ప్యాకేజీలో మోడ్‌లైన్‌ను ముందే ఆపివేసి ఇస్తుంది, మీ మెషీన్‌లో ఆపి లేకపోతే కాన్ఫిగ్ ఫైలులో నోమోడ్‌లైన్ అని ఒక పంక్తి పెట్టుకోండి.

ప్రివ్యూ పేన్ అయితే పూర్తిగా సురక్షితమేనా?

పూర్తిగా కాదు. మీరు ఏ కీ నొక్కకపోయినా, కర్సర్ ఆ ఫైలు మీదికి రాగానే పీడీఎఫ్‌నో చిత్రాన్నో ఆర్కైవ్‌నో చదివే ఏదో ఒక ప్రోగ్రాము వెనుక నడుస్తుంది. ఆ ప్రోగ్రాములో లోపం ఉంటే ఫైలు దాన్ని వాడుకోవచ్చు. రేంజర్‌ను అన్ని అనుమతులూ ఉండే రూట్ ఖాతాలో నడిపితే అది ప్రివ్యూలను తనంతట తానే ఆపివేస్తుంది, కారణం ఈ భయమే. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని ఫైళ్ళున్న ఫోల్డరులోకి వెళ్ళే ముందు ప్రివ్యూ ఆపుకోవడం మంచిదని నా అభిప్రాయం. మీ సొంత ఫోల్డర్లలో ఆ బెంగ అక్కరలేదు.

క్యాట్‌తో చూసుకుంటే ఏ గొడవా ఉండదు కదా?

క్యాట్ ఫైలులోని ప్రతి బైటునూ ఉన్నదున్నట్టు టెర్మినల్‌కు పంపుతుంది, అందులో టెర్మినల్‌ను అదుపు చేసే గుర్తులుంటే అవీ పనిచేస్తాయి. తెర రంగులు మారడం, అక్షరాలు పిచ్చి గుర్తులుగా కనబడడం, కొన్ని పంక్తులు మరుగున పడడం అందుకే. లెస్ డిఫాల్ట్‌గా ఆ గుర్తులను పనిచేయనివ్వకుండా అక్షరాలుగా చూపిస్తుంది కాబట్టి అదే మేలు. అయితే లెస్ 653 వరకు ఉన్న వెర్షన్లలో ఫైలు పేరులో కొత్త పంక్తి గుర్తు ఉంటే కమాండు నడిచే లోపం ఉన్నట్టు 2024లో తేలింది, కనుక పాత వెర్షన్ ఉంటే అప్‌డేట్ చేసుకోండి.

కీబోర్డు తెలుగులో ఉన్నప్పుడు ఏ కీ పనిచేయడం లేదు, ఎంటర్ తప్ప. ఎందుకు?

తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో ఎల్ కీ నొక్కితే ఫైల్ మేనేజర్‌కు త అందుతుంది, కె కీ నొక్కితే క అందుతుంది. త అనే అక్షరానికి అక్కడ ఏ పనీ కట్టి లేదు కాబట్టి అది ఊరుకుంటుంది. ఎంటర్‌కూ బాణాలకూ భాషతో సంబంధం లేదు, అవి మామూలుగానే పనిచేస్తాయి. ఫైలు పేరు తెలుగులో టైపు చేసి లేఅవుట్ మార్చడం మరిచిపోయినవారు చూసే కీలు పనిచేయక, చివరికి పనిచేసే ఎంటర్‌ను కొడుతుంటారు. అందుకే తెలుగులో టైపు చేసేవారు ఎంటర్‌ను నిరపాయంగా ఉంచుకోవడం మిగతావారికంటే ఎక్కువ అవసరం.

## అమర్చుకునేటప్పుడు

రేంజర్‌లో షెల్ స్క్రిప్టు మీద ఎంటర్ కొడితే ఎడిటర్ వస్తోంది, స్క్రిప్టు నడవడం లేదు. నా అమరికలో తప్పుందా?

లేదు, కావాలనే అలా పెట్టారు. రేంజర్ ఏ ఫైలును దేనితో తెరవాలో రైఫిల్ అనే భాగం చూసుకుంటుంది, దాని నియమాలు ఒక ఫైలులో పైనుంచి కిందికి వరుసగా ఉంటాయి, సరిపోయిన మొదటి నియమమే పనిచేస్తుంది. టెక్స్ట్ ఫైళ్ళకు మొదటి పని ఎడిటర్ అని పైనే రాసి ఉంది. ఆర్ నొక్కితే ఆ ఫైలుకు వర్తించే మిగతా మార్గాల జాబితా వస్తుంది, షెల్‌తో నడపడం వాటిలో ఒకటి. అసలైన ప్రోగ్రామును నేరుగా నడిపే నియమం ఫైలులో బాగా చివర్లో ఉంటుంది, పొరపాటున ఎప్పుడూ జరగకూడదు కాబట్టే చివర పెట్టామని దాని పైన వ్యాఖ్య కూడా రాసి ఉంటుంది. డిఫాల్ట్ ఎలా ఉండాలో ఎవరైనా నన్నడిగితే ఆ వ్యాఖ్యనే చూపిస్తాను.

ఎంటర్‌ను నిరపాయంగా మార్చుకోవడానికి ఏయే అమరికలు చూడాలి?

మిడ్‌నైట్ కమాండర్‌లో ఎఫ్9 నొక్కి ఆప్షన్స్ మెనూలో కన్ఫర్మేషన్ అనే చోటికి వెళ్ళండి. అక్కడ తొలగించడానికి, పాతదాని మీద రాయడానికి గుర్తు ముందే పెట్టి ఉంటుంది, ఎగ్జిక్యూట్‌కు మాత్రం ఉండదు. ఆ గడిలో గుర్తు పెడితే ఇకమీద నడపబోయే ముందు నిజంగా నడపాలా అని అడుగుతుంది. ఫైలు తొలగించడానికి అడిగి, నడపడానికి అడగకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వీఐఎఫ్‌ఎమ్‌లో ఎగ్జిక్యూట్ అనుమతి ఉన్న ఫైళ్ళను నడిపే రన్ఎగ్జెక్ అనే అమరిక డిఫాల్ట్‌గా ఆపి ఉంటుంది, దాన్ని అలాగే వదిలేయండి. ఎన్‌ఎన్‌ఎన్‌లో హైఫన్ ఇ (-e) పెడితే టెక్స్ట్ ఫైళ్ళు మీ ఎడిటర్‌లో తెరుచుకుంటాయి, హైఫన్ ఓ పెడితే ఎంటర్‌కు మాత్రమే తెరుచుకుంటాయి, రెండింటినీ కలిపి ఎన్‌ఎన్‌ఎన్ ఆప్ట్స్ (NNN_OPTS) వేరియబుల్‌లో రాసుకుంటే ప్రతిసారీ టైపు చేయనక్కరలేదు. ఎల్‌ఎఫ్ వాడేవారు తమ కాన్ఫిగ్ ఫైలులో ఎంటర్‌కు లెస్ లాంటి పేజర్‌ను కట్టుకోవచ్చు, నడపడానికి ఎక్స్ కీని వాడుకోవచ్చు. దానితో వచ్చే నమూనా కాన్ఫిగ్‌లో ఎక్స్‌కు ఇచ్చిన పని అదే.

యాజీలో మార్చవలసింది ఏమీ లేదు. ఎల్ కీతోనే ఫైళ్ళూ తెరుచుకునేలా చేసే చిట్కా దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, చాలామంది మొదటి రోజే పెట్టుకుంటారు. నేను పెట్టుకోలేదు.

ఏ ఫైలును దేనితో తెరవాలో తేల్చే ఓపెనర్ స్క్రిప్టును సొంతంగా రాసుకుంటున్నాను. ఏం గమనించాలి?

ఫైలు పేరు వచ్చే వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్లు తప్పకుండా పెట్టండి. లేకపోతే "జీతం వివరాలు" అనే ఒక ఫైలు జీతం, వివరాలు అనే రెండు ఫైళ్ళుగా విడిపోతుంది. పేరు హైఫన్‌తో మొదలైతే ప్రోగ్రాము దాన్ని ఆప్షన్ అనుకుంటుంది, విమ్ అయితే ప్లస్‌తో మొదలైన పేరును కమాండుగానే తీసుకుంటుంది. పేరుకు ముందు రెండు హైఫన్లు పెడితే ఇక్కడితో ఆప్షన్లు అయిపోయాయని అర్థం. ఎల్‌ఎఫ్ ఫైలు పూర్తి పాత్‌ను అందిస్తుంది కాబట్టి అక్కడ ఈ చిక్కు తక్కువ, అయినా పెట్టడం వల్ల పోయేదేమీ లేదు.

ఫైలు రకాన్ని పొడిగింపుతో కాక ఫైలు లోపలున్నదాన్ని చూసి ఫైల్ కమాండు ఇచ్చే మైమ్ రకంతో తేల్చుకోండి. ఏ నియమానికీ సరిపోని ఫైలు చివరికి లెస్‌లోకి వెళ్ళాలి. అనుమతి ఉంటే నడిపేయమనే నియమాన్ని చివరి దిక్కుగా పెట్టిన స్క్రిప్టులను నేను చాలానే చూశాను. తెలియని ఫైలు విషయంలో చేయకూడనిది అదొక్కటే.

రూట్‌గా ఫైల్ మేనేజర్ తెరవడం తప్పా?

దాని నుంచి తెరిచే ప్రతి ప్రోగ్రామూ, ఎడిటర్‌తో సహా, రూట్‌గానే నడుస్తుంది. ఒక్క కాన్ఫిగ్ ఫైలు మార్చడానికయితే సుడోఎడిట్ చాలు, అది ఎడిటర్‌ను మీ ఖాతాలోనే నడిపి, మారిన ఫైలును మాత్రం రూట్‌గా తిరిగి అక్కడ పెడుతుంది.

## పొరపాటు జరిగాక

తెలియకుండా ఏదో నడిచింది. ముందు ఏం చేయాలి?

కంట్రోల్-సీ నొక్కండి. కంట్రోల్-జెడ్ నొక్కితే అది ఆగినట్టు కనబడుతుంది గానీ చావదు, తర్వాత మళ్ళీ మొదలుకావచ్చు. ఎల్‌ఎఫ్‌లో డిఫాల్ట్‌గా ఫైలు వెనుక నుంచి తెరుచుకుంటుంది కాబట్టి కంట్రోల్-సీ దానికి అందకపోవచ్చు, అప్పుడు వేరే టెర్మినల్‌లో, నడుస్తున్న ప్రోగ్రాములను చూపే హెచ్‌టాప్ తెరిచి చూసి ఆపాలి.

ఆగిన తర్వాత, గత పది నిమిషాల్లో మారిన ఫైళ్ళేమిటో ఫైండ్ కమాండుకు ఎమ్మిన్ (-mmin) ఆప్షన్ ఇచ్చి మైనస్ 10 అని రాసి, హోమ్ ఫోల్డరు మొత్తం మీద వెతకండి. సున్నా బైట్ల ఫైళ్ళు కొత్తగా పుట్టాయేమో ముఖ్యంగా చూడండి, టెక్స్ట్ ఫైలు స్క్రిప్టుగా నడిచినప్పుడు మిగిలే ఆనవాలు అదే. నడిచినది బయటి నుంచి వచ్చిన స్క్రిప్టయితే దాన్ని తొలగించకుండా, ఎగ్జిక్యూట్ అనుమతి మాత్రం తీసివేసి, లెస్‌లో తెరిచి అది ఏం చేసిందో పంక్తి పంక్తీ చదవండి.

చూద్దామని నొక్కితే విమ్ తెరుచుకుంది, బయటికి రాలేకపోతున్నాను.

ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం టైపు చేసి ఎంటర్ కొట్టండి. మీకు తెలియకుండా ఏవైనా అక్షరాలు పడి ఉన్నా సేవ్ కాకుండా బయటికి వస్తారు.